మోగని ఏడో దెబ్బ

ఎవరైనా దెయ్యాల సంగతి ఎత్తితే నేను లేచి వెళ్ళిపోయేవాణ్ణి. వాదించడం కూడా చిన్నతనమనిపించేది. నాది బాయిలర్ల తనిఖీ పని. కంటితో చూసి, చేత్తో తాకి, చెవితో విన్న తరవాతే సంతకం పెట్టాల్సిన వృత్తి. ఇప్పుడు రాస్తున్నది కూడా అలా తెలుసుకున్నదే. అందుకే ఇన్నాళ్ళు ఎవరికీ చెప్పలేకపోయాను.

మాది ఒకప్పుడు గోదావరి జిల్లాలో పేరున్న జమీ. మా తాతగారు బోగీలో అడుగు పెట్టేదాకా మద్రాసు మెయిలు కదిలేది కాదని చెప్పుకునేవారు. మా నాన్నగారి నాటికి ఇంటిపేరు తప్ప మరేమీ మిగల్లేదు. ఆ పేరు మోసేవాడు ఎవరి ముందూ వంగకూడదని మాత్రం ఆయన నాకు నేర్పి వెళ్ళారు.

2000ల మధ్యలో నేను సౌదీలోని యాన్బులో, ఒక ప్లాంటులో పనిచేసేవాణ్ణి. క్యాంపులో నా వెనకాల నన్ను ‘రాజావారు’ అనేవారు. వేళాకోళమని తెలుసు. అయినా నాకు తప్పుగా తోచేది కాదు.

ఆ చలికాలం ప్లాంటు ఆపి మరమ్మతులు చేస్తున్నారు. బుధవారం నాటికి ఒక పాత చిన్న బాయిలరు తనిఖీ మిగిలింది. దాని లోపల మంట మండే గది చుట్టూ ఇనుప పలకలను బిగించి పట్టే కడ్డీలుంటాయి. వాటిని స్టేలంటారు. మనిషి మ్యాన్‌హోల్ అనే ఇరుకు కంతలోంచి లోపలికి దూరి ఒక్కొక్క దాన్నీ సుత్తితో కొట్టి వింటాడు. బాగున్నది గంటలా మోగుతుంది. విరిగినది మొద్దుగా పలుకుతుంది. అలాంటిది ఉండగా వెలిగిస్తే ఆవిరి ఒత్తిడికి బాయిలరు పేలవచ్చు.

కొట్టినవాడు రాజయ్య. కరీంనగర్ వైపు మనిషి, ఇరవై ఏళ్ళుగా అదే పని. మ్యాన్‌హోల్లోంచి తల బయట పెట్టి, అందరి ముందూ నాతో అన్నాడు.

“సారూ, ఒక్కకాడ మొద్దుగ పలుకుతున్నది. మీరు గూడ లోపలికొచ్చి ఒక్కపాలి ఇనుండ్రి.”

“ఇక్కణ్ణించే విన్నాను. బాగానే ఉంది,” అన్నాను.

“బయటికెల్లి ఏమినవడ్తది సారూ?”

అక్కడున్న ఇద్దరు నవ్వారు. ఆ మ్యాన్‌హోల్లోకి పొట్ట మీద పాకుతూ వెళ్ళాలి. అతను రమ్మన్నాడని, వాళ్ళు చూస్తుండగా, నేను పాకాలి. నేను పాకలేదు. అక్కడే నిలబడి కాగితం మీద సంతకం పెట్టాను. ఏ కడ్డీ అని కూడా అడగలేదు. సంతకం పడ్డాక ఇక అడిగేవాళ్ళు లేరు.

శనివారం ఉదయం బాయిలరు వెలిగించాలి. వెలిగించేటప్పుడు పక్కన నిలబడవలసిన నలుగురిలో రాజయ్య ఒకడు.

మధ్యలో శుక్రవారం సెలవు. కంపెనీ మినీబస్సులో విహారానికి వెళ్ళాం. డమాస్కస్ నుంచి మదీనాకు ఒకప్పుడు ఆవిరి రైళ్ళు నడిచిన మార్గం అటువైపు ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పాడయ్యాక దాన్ని మళ్ళీ నడపలేదు. పట్టాలు చాలావరకు పోయాయి. ఎడారిలో స్టేషన్లు, అక్కడక్కడ ఇంజన్లు అలాగే ఉన్నాయి. మదీనా మీదుగా వెళ్ళే దారి ముస్లిములు కాని మాలాంటివాళ్ళకు లేదు కనక, బస్సు కొండల్లోంచి చుట్టు తిరిగి వెళ్ళింది.

పన్నెండింటికి చేరాం. నల్లరాతి స్టేషను, కప్పు లేదు. దానికి నూరు గజాల దూరంలో ఒక ఇంజను, చక్రాలు సగం ఇసుకలో దిగబడి, నిటారుగా నిలబడి ఉంది. గుంటూరు ప్రసాద్ మా ఆఫీసులో కుర్రకారుకు పెద్ద. అతను బస్సు దిగుతూనే మొదలుపెట్టాడు.

“మీ తాతగారి కోసం మెయిలు ఆగేదంటారుగా సార్. ఇదిగో, తొంభై ఏళ్ళుగా మీకోసమే ఆగుంది. ఎక్కండి.”

అందరూ నవ్వారు. రాజయ్య కూడా నవ్వాడు. బస్సు డ్రైవరు, పెషావర్ మనిషి, విషయం అడిగి తెలుసుకుని మరీ నవ్వాడు.

స్టేషను నీడలో చాప పరిచారు. దారిలో కొన్న ఖబ్సా, అంటే కోడి వేసి వండిన అన్నం, ఒకే పెద్ద పళ్ళెంలో పెట్టారు. అక్కడి పద్ధతి ప్రకారం అందరూ ఆ పళ్ళెం చుట్టూ కూర్చుని చేతులు పెట్టి తినాలి. రాజయ్య పక్కకు జరిగి నాకు చోటు చూపించాడు. ఆకలి లేదని చెప్పి నేను ఇంజను వైపు నడిచాను.

దగ్గరికి వెళ్ళి వృత్తి కొద్దీ పరీక్షగా చూశాను. లోపలి గొట్టాలు ఎప్పుడో పీకేశారు. ఇంజను నడిపేవాడు నిలబడే చోటికి ఎక్కాను. మంటగది తలుపు లేదు, గుండ్రటి కంత మిగిలింది. వంగి చూస్తే లోపల మోకాలెత్తు ఇసుక, గాలి దిద్దిన నున్నటి ఇసుక. అడుగు జాడ లేదు. వెనక్కి తిరిగాను.

అప్పుడు మొదలైంది. లోపల ఎవరో కడ్డీల మీద సుత్తితో కొడుతున్నారు.

ఎండకు ఇనుము చిటపటమంటుంది. అది నాకు తెలుసు. ఇది ఆ చప్పుడు కాదు. ఒక్కో దెబ్బకూ మధ్య మనిషి చెయ్యి జరిపేంత వ్యవధి ఉంది. ఆరు దెబ్బలు స్వచ్ఛంగా మోగాయి. ఏడోది మొద్దుగా పడింది. కాస్త ఆగింది. మళ్ళీ ఆరు మోగాయి, ఏడోది మోగలేదు.

నాకు వచ్చింది భయం కాదు, కోపం. రాజయ్య నన్ను ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. కంతలోకి తల పెట్టాను. లోపల ఎవరూ లేరు. ఇసుక ఇందాకటి లాగే నున్నగా ఉంది. చప్పుడు నా ముఖానికి ఎదురుగానే పడుతోంది.

బయటికి చూశాను. రాజయ్య పళ్ళెం ముందు కూర్చుని ఉన్నాడు. అందరూ ఉన్నారు, లెక్క పెట్టాను. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు.

అరచెయ్యి మంటగది పలక మీద ఆనించాను. మోగిన ప్రతి దెబ్బ అదురూ చేతికి తెలిసింది. ఏడోది తెలియలేదు. విరిగిన కడ్డీ పలకను కదిలించదు. అలా ఎన్నిసార్లయిందో చెప్పలేను. నేను చెయ్యి తీశాక ఆగిపోయింది.

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చున్నాను. నేను ఆలోచిస్తున్నది ఇంజను గురించి కాదు. సంతకాన్ని వెనక్కి తీసుకుంటే, చూడకుండా పెట్టానని నేనే ఒప్పుకున్నట్టు. తీసుకోకపోతే రేపు పొద్దున ఆ నలుగురూ బాయిలరు పక్కన నిలబడతారు. కొండల దారి దిగి సముద్రం కనిపించేదాకా నేను నిర్ణయించుకోలేకపోయాను. అది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

క్యాంపులో దిగగానే మరమ్మతుల మేనేజరు ఇంటికి వెళ్ళాను. ఈజిప్టు ఆయన. బుధవారం నేను లోపలికి వెళ్ళలేదని, రాజయ్య చెప్పినా వినలేదని చెప్పాను. ఆయన నన్ను కూర్చోమనలేదు.

శనివారం తెల్లారాక మ్యాన్‌హోల్ మూత విప్పించాం. రాజయ్య సుత్తి తీసుకుని వంగబోతుంటే నేను చెయ్యి చాపాను. అతను ఒక క్షణం నా ముఖంలోకి చూసి సుత్తి ఇచ్చాడు. పొట్ట మీద పాకి లోపలికి వెళ్ళాను.

కింది వరుసలో ఎడమ నుంచి మొదలుపెట్టాను. ఆరు మోగాయి. ఏడోది మొద్దుగా పలికింది. టార్చి వేసి చూస్తే ఆ కడ్డీ పక్కన సుద్దగీత ఉంది. రాజయ్య బుధవారమే పెట్టిన గుర్తు. కోసి తీస్తే కడ్డీ అడ్డంగా విరిగి రెండు ముక్కలై ఉంది, విరుగు దగ్గర పాత తుప్పు. పక్క కడ్డీ కూడా సగం దాకా చీలింది. వెలిగించి ఉంటే ఏమయ్యేదో నేనిక్కడ రాయనక్కరలేదు.

నివేదికలో లోపం కనిపెట్టినవాడి పేరు రాజయ్య అని రాశాను. నేను చేయని పని గురించీ రాశాను. ఆ తరవాత నాకు తనిఖీ పని ఇవ్వలేదు. అది న్యాయమే.

ఇంజను దగ్గర విన్నదానికి కొన్ని గంటల పాటు ఒక సమాధానం దొరికింది. తప్పు చేసిన మనసు తనంతట తనే కొట్టుకుందని, చేతికి తగిలిన అదురు కూడా దాని కల్పనేనని అనుకున్నాను. ఏడో నంబరు కాకతాళీయమనుకున్నాను.

ఆ సమాధానం ఆ శనివారం మధ్యాహ్నం దాకానే నిలిచింది. పని ముగించి చేతులు కడుక్కుంటుంటే రాజయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు.

“ఇగ మీరు గూడ మంచిగనే కొట్టుడు నేర్సుకున్నరు సారూ,” అన్నాడు. “నిన్న ఆ ఇంజను కాడ మస్తుసేపు కొట్టిండ్రు గదా. అన్నం తినుకుంట అందరం ఇన్నం. ప్రసాద్ సారు లెక్క గూడ పెట్టిండు. గా ఎడారిల మీకు సుత్తె యాడ దొర్కింది?”

నేను పక్కకు జరిగి అతనికి కొళాయి దగ్గర చోటిచ్చాను. అతను చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.

మనసు చేసే చప్పుడు నూరు గజాల అవతల అన్నం తింటున్నవాళ్ళకు వినిపించదు. ఇంతకు మించి నాకేమీ తెలియదు.