రెండు భోజనాల మాస్టారు

మా మాస్టారు పోయారని పోయిన వారం నా ఫోన్‌కి రెండు మెసేజ్‌లు వచ్చాయి. ఒకటి పొద్దుటి సంఘం వాళ్ళది, ఇంకొకటి మధ్యాహ్నం సంఘం వాళ్ళది. రెండింట్లోనూ "మన ప్రియమైన మాస్టారు ప్రభువునందు నిద్రించారు" అనే ఉంది. భూస్థాపన ఆరాధన మాత్రం ఎవరి పాస్టరు పేరుతో వాళ్ళు ప్రకటించుకున్నారు. ఏడుపు కంటే ముందు నాకు భయం వేసింది. మనిషిని ఇంకా హాస్పిటల్ నుంచి తేనే లేదు, అప్పుడే పంపకాలు మొదలయ్యాయి.

ఈ క్రైస్ట్‌చర్చ్ ఊళ్ళో, రిక్కార్టన్ పేట వైపు ఉండే తెలుగు క్రైస్తవులందరిదీ ఒకప్పుడు ఒకే సంఘం. ఆరాధనలో డ్రమ్స్ వాయించాలా వద్దా అని మాటా మాటా పెరిగి రెండైంది. అద్దె హాలు మాత్రం ఒకటే. పొద్దున వీళ్ళు, మధ్యాహ్నం వాళ్ళు. మాస్టారు రెండు ఆరాధనలకీ వెళ్ళేవారు, రెండు చోట్లా భోజనం చేసేవారు. షుగర్ ఉన్న మనిషి! నేను నర్సుని, పక్కింట్లోనే ఉంటాను, చూస్తూ ఊరుకోలేక తిట్టేదాన్ని. "ఒక చోట మానేస్తే అలుగుతారమ్మాయ్" అనేవారు. పైగా పొద్దుటి వాళ్ళ కూర స్టీలు డబ్బాలో పోసుకుని మధ్యాహ్నం వాళ్ళ బల్ల మీద పెట్టేవారు. ఎవరూ మూత తీసేవారు కాదు. తనే తీసి, తనే తిని, "అబ్బ, ఎంత బాగుందో" అని హాలంతా వినపడేలా అనేవారు.

గుంటూరులో కాలేజీ లెక్చరరు, ఇక్కడ యూనివర్సిటీలో ట్యూటరు. ఆయన పరిశోధనంతా ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ విదేశాంగ విధానం మీద. నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆయనే. రౌండబౌట్ దగ్గర నాలుగు వైపులా కార్లు ఆగిపోయి నేను బిక్కచచ్చి కూర్చుంటే, "ఎవరో ఒకరు కదలాలి కదమ్మా, కదులు" అనేవారు. పక్కన కూర్చుని ఒక్కసారి కూడా కసురుకోలేదు. ఈ దేశంలో నాకు ధైర్యం అంటూ ఉంటే అది ఆయన పెట్టిందే.

ఒక సాయంత్రం వాళ్ళ వంటింట్లో ఉప్పు డబ్బా ఒక పక్క, ఆవకాయ జాడీ ఒక పక్క పెట్టి పాఠం మొదలుపెట్టారు.

"ఆ రాజుకి శాంతి చేశాడనిపించుకోవాలని ఒకటే ఆశ. కూతుర్ని ప్రొటెస్టెంట్ల ఇంటికిచ్చాడు. కొడుక్కి క్యాథలిక్కుల పిల్లని, స్పెయిన్ రాజకుమార్తెని అడిగాడు. రెండు వైపులా వియ్యంకులుంటే ఇంక కొట్టుకోరు కదా అని."

"స్పెయిన్ వాళ్ళు కాదన్నారా?"

"కాదంటే బాగుండేది. ఏళ్ళ తరబడి నాన్చారు. ఈలోగా అల్లుడు ఇంకో రాజ్యానికి ఆశపడి ఉన్నది కూడా పోగొట్టుకున్నాడు. కూతురు పరాయి దేశంలో తలదాచుకుంది. పుట్టింటికి వస్తానంటే తండ్రే రావద్దన్నాడు, స్పెయిన్ సంబంధం చెడుతుందని. మళ్ళీ కూతురి మొహం చూడకుండానే పోయాడు. ఆయన పోయిన ఆ ఏడాదే కొడుకు స్పెయిన్ మీదికి యుద్ధానికి ఓడలు పంపాడు."

అప్పటికే మాస్టారి కూతుర్ని పొద్దుటి పాస్టరుగారి అబ్బాయికిచ్చారు, వాళ్ళు దూరంగా ఇన్వర్‌కార్గిల్ అనే ఊళ్ళో ఉంటారు. కొడుక్కేమో మధ్యాహ్నం సంఘపెద్ద గారి అమ్మాయిని మాట్లాడుతున్నారు.

"మాస్టారూ, ఇది పాఠమా, మీ ఇంటి సంగతా?"

ఆయన నవ్వి జాడీ మూత బిగించారు. "ఆయనకి సరైన సైన్యం లేదు, నాకూ లేదు. మా బోటి వాళ్ళకి పిల్లలే దిక్కు."

ఈ చలికాలం ఆయన మంచం పట్టారు. కాళ్ళు వాచాయి, ఆయాసం. నేను బీపీ చూస్తుండగా కూతురు ఫోన్ చేసింది, స్పీకర్‌లో ఉంది.

"నాన్నా, రేపే బయల్దేరి వస్తాను. ఎవరేమన్నా సరే."

"ఇప్పుడొద్దు తల్లీ. నిన్ను ఇక్కడ చూస్తే, పొద్దుటి వాళ్ళు అడ్డుపడ్డానికే పంపారని మధ్యాహ్నం వాళ్ళంటారు. తమ్ముడి పెళ్ళి కానీ. అయ్యాక వద్దువుగాని, అందరూ సర్దుకుంటారు."

నాకు ఒళ్ళు మండింది. "అంత చదివీ మీరు చేస్తున్నది ఆ రాజు చేసిందేగా!" అన్నాను. "ఆయనకి టైము చాల్లేదమ్మాయ్. నాకు చాలుతుందేమోనని" అన్నారు. ఆ కాళ్ళ వాపు చూసిన దాన్ని, చాలదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసనే అనుకుంటాను.

చాల్లేదు. కూతురు వచ్చేసరికి పెట్టె మూసేశారు.

ఆరాధన ఆ హాల్లోనే జరిగింది. పాస్టర్లిద్దరూ ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. ఒకరి ప్రార్థనకి రెండో వైపు నుంచి ఆమెన్ రాలేదు. మధ్య నడవకి అటు వాళ్ళు, ఇటు వీళ్ళు. సమాధి దగ్గర్నుంచి తిరిగొచ్చాక చూస్తే భోజనాలకి రెండు బల్లలు, రెండు బిర్యానీలు. కొడుకు కాబోయే మామగారి పక్కన కూర్చున్నాడు. పెళ్ళి ఇంక ఇక్కడ వద్దు, ఆక్లండ్‌లో మనవాళ్ళ మధ్యే చేద్దామని ఆయన గొంతు తగ్గించకుండానే చెప్తున్నాడు. కొడుకు తలూపుతున్నాడు.

అప్పుడు కూతురు లేచింది. సంచిలోంచి నాన్న స్టీలు డబ్బా తీసింది. అత్తగారు చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది. ఆ బల్ల మీద ఒక గరిటె, ఈ బల్ల మీద ఒక గరిటె పెట్టుకుని నడవ దాటి తమ్ముడి ముందు నిలబడింది.

"నాన్న డబ్బారా. ఒక్క ముద్ద తిను. నాకోసం కాదు."

వాడు చెయ్యి ఎత్తబోయి మామగారి మొహం చూశాడు. ఆయన గోడ వైపు చూస్తున్నాడు. వాడి చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి వెళ్ళిపోయింది.

ఎవరో ఒకరు కదలాలి కదమ్మా అన్న మాట చెవిలో పడ్డట్టయి నేనే లేచాను. వెళ్ళి ఆ డబ్బాలోంచి ఒక ముద్ద తీసి తిన్నాను. అంత ఏడుపులోనూ బాగుంది. "అబ్బ, ఎంత బాగుందో" అన్నాను పైకే. నా గొంతు నాకే వినపడలేదు. ఆ పిల్ల నన్ను చూడలేదు. తమ్ముణ్ణే చూస్తూ, డబ్బా అలాగే రెండు చేతులా చాచి నిలబడి ఉంది.