దయాకర్ చేసిన దయ్యం మిల్క్‌షేక్

నాచారంలో తను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక దయాకర్ మా వీధి మలుపులో జ్యూస్ సెంటర్ పెట్టాడు. మా వీధికి అది మంచే అయింది. అతని మామిడి మిల్క్‌షేక్ ఒక్కటుంటే చాలు, ఎండాకాలం ఎలాగో గడిచిపోతుంది. మనిషికి ఒకటే బలహీనత, కూతురు అడిగితే కాదనలేడు. ఆ పిల్ల పద్మశ్రీ రెండో తరగతి. గొప్పలు చెప్పడంలో మాత్రం డిగ్రీ పాసైంది.

ఉప్పల్ రోడ్డుకు ఇంకా మెట్రో రాని రోజులవి. టీవీలో ఓ బొమ్మల సీరియల్‌కు పిల్లలంతా అతుక్కుపోయేవారు. అందులో ఓ పొట్టి దయ్యం గ్లాసెడు షేక్ గటగటా తాగి, పొట్ట ఉబ్బి గాల్లో తేలుతుంది. ఆ షేక్ మా నాన్న చేస్తాడు, నా పుట్టినరోజుకు అందరూ రండి అని పద్మశ్రీ క్లాసంతా చెప్పేసింది. చెప్పాక ఇంటికొచ్చి ఏడుపు మొదలుపెట్టింది.

"నువ్వు చెయ్యకుంటే నన్ను అబద్ధాలకోరంటరు నాన్న."

ఇక తప్పుతుందా? దయాకర్ కొట్టు భార్య దుర్గాభవానికి అప్పగించి టీవీ ముందు కూర్చున్నాడు. హబ్సిగూడలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేస్తే కొన్న పాత టీవీ అది. అందులో హీరోలైనా విలన్లైనా పాచిపట్టినట్టే కనిపించేవారు. ఆ ఇంట్లోవాళ్ళకు అదే అలవాటైపోయింది. దయ్యం గ్లాసు ఎత్తింది. అందులో ఉన్నది నిగనిగలాడే ఆకుపచ్చ.

పుదీనా వేస్తే పాలు పచ్చడి వాసన కొట్టాయి. పాలకూర వేస్తే, పప్పులో పోసుకోవడానికా అని దుర్గాభవాని అడిగింది. రుచి చూడమని నన్ను పిలిచాడు. ఉప్పల్ ఎండలను తట్టుకున్న నేను ఆ గ్లాసును తట్టుకోలేకపోయాను. చివరికి పిస్తా ఎసెన్సు, ఐస్‌క్రీమ్, కాస్త రంగు, పైన దయ్యం కళ్ళలా నానిన సబ్జా గింజలు. అడ్డొస్తున్నాయని మామిడిపళ్ళ బుట్టలు పక్కకు నెట్టి మరీ ఈ తంటాలన్నీ పడ్డాడు.

పుట్టినరోజు సాయంత్రం పిల్లలు కొట్టు ముందు చేరారు. దయాకర్ గ్లాసులు వరుసగా పెట్టాడు. దయ్యం తాగేది ఇది కాదు, పసుపు రంగుది అన్నాడు ఒకడు. అవును, అచ్చం మామిడిపండు రంగు అన్నారు మిగతావాళ్ళు. కాదు, ఆకుపచ్చే అని పద్మశ్రీ గొంతు చించుకుంది. అంతమందిలో ఆ పిల్ల ఒక్కతే అయిపోయింది. చూస్తున్న నాకే జాలేసింది.

దయాకర్‌కు తన టీవీలోని పాచి మనుషులు గుర్తొచ్చారు. ఆ టీవీ పసుపును ఆకుపచ్చగా చూపిస్తోందని అప్పుడు వెలిగింది. నెత్తి కొట్టుకోబోయి, కూతురి మొహం చూసి ఆగాడు.

"దయ్యం పిల్లగున్నప్పుడు తాగింది ఇదే. కాయ కద, ఆకుపచ్చగుంటది. మీరు చూసింది పండినంక," అంటూ జార్‌లో మామిడి ముక్కలు వేశాడు.

పిల్లలు నమ్మారు. ఒక్క క్షణం నేనూ నమ్మాను. పసుపు గ్లాసులు ఇట్టే ఖాళీ అయ్యాయి. పద్మశ్రీ మాత్రం మామిడి ముట్టకుండా, ఆకుపచ్చ గ్లాసే అడుగుదాకా తాగింది.

మర్నాడే దయాకర్ మెకానిక్‌ను పిలిచి టీవీ బాగు చేయించాడు. హీరోలకు మనిషి రంగు వచ్చింది, దయ్యం గ్లాసులోకి పసుపు వచ్చింది. పద్మశ్రీ కాసేపు చూసి తండ్రి పక్కన చేరింది.

"ఇది మన దయ్యం కాదు నాన్న."

మళ్ళీ పాడుచెయ్యమని మెకానిక్‌ను అడగలేడు కదా. దయాకర్ కొట్టుకు వెళ్ళి పిస్తా సీసా అందుకున్నాడు.