తాతబాబు పడుకుని చూసిన గది

తాతబాబు ఏ గదిలో అడుగుపెట్టినా ముందు నేల మీద వెల్లకిలా పడుకుంటాడు. నమస్కారాలూ కుశల ప్రశ్నలూ లేచాకే.

ఆయన ఆర్కిటెక్టు, ఊరు మలేసియాలోని బంటింగ్. చదువుకునే రోజుల్లో ఫిన్లాండు ఆర్కిటెక్టు ఆల్వార్ ఆల్టో ఆయన బుర్రలో కాపురం పెట్టాడు. మంచం దిగలేని క్షయరోగుల కోసం ఆల్టో కట్టిన ఆసుపత్రిలో దీపం కళ్లలో పడదట, చేతులు కడిగే తొట్టిలో నీళ్లు చప్పుడు చెయ్యవట. పడుకున్న మనిషికి పైకప్పే లోకమని తాతబాబు కనబడినవాడికల్లా చెప్పేవాడు.

మలేసియాలో ఎవరూ వినలేదు. సైబర్‌జయలో ఒక ఆఫీసులో పడుకుంటే కాపలావాళ్లు అంబులెన్సు పిలిచారు. గుడి మండపంలో పడుకుంటే, అంగప్రదక్షిణం మొక్కు కాబోలని ఒక భక్తుడు బిందెడు నీళ్లు కుమ్మరించి, పొర్లడానికి సాయం పట్టాడు. ఆల్టో పద్ధతిలో చెక్క వంచి చేయించిన మెట్ల కమ్మీని చెదలు తినేశాయి. కట్టిన కాసిని ఇళ్లనూ జనం పగలగొట్టి గ్రానైటు పరిచారు. బతుకంతా వృథా అయిపోయిందని, తన దగ్గర ప్లాన్లు గీసే నాతో ఆయన అంటే, కాదనడానికి నాకు ఒక్క ఇల్లూ గుర్తు రాలేదు.

ఆఖరికి మిగిలిన పని యోగేశ్వరి ఇంట్లో ఒక గది. ఆమె తల్లి కన్నమ్మ పక్షవాతంతో మంచాన పడింది. ఆసుపత్రి నుంచి తెచ్చినప్పటి నుంచీ కళ్లు తెరవదు, అన్నం ముట్టదు. డాక్టరు పెదవి విరిచాడు. గది నడిమధ్య పెద్ద గాజుదీపాల గుత్తి వేలాడదీస్తే అమ్మకు హుషారొస్తుందని యోగేశ్వరి ఆశ.

తాతబాబు వెళ్లి మంచం పక్కనే నేల మీద పడుకున్నాడు.

"మాయమ్మ సచ్చిపోతంది సార్. మీకు నిద్దర కావాలేటి?" అంది యోగేశ్వరి.

ఆయన లేవలేదు. "పెద్దమ్మా, ఈ ఫ్యాను ఊగతంది. నాకే బయ్యంగా ఉంది."

ముసలమ్మ కళ్లు మూసుకునే పలికింది. "మీద పడిపోద్ది బాబూ. సెప్తే నవ్వుతారని ఊరుకున్నాను."

అందరూ ఆమెను నిలబడి పలకరించినవాళ్లే. అక్కణ్నుంచి ఫ్యాను ఊగడం ఎవరికీ కనబడలేదు.

ఫ్యాను గోడకెక్కింది. దీపం తల వెనక్కి పోయింది. కిటికీ మంచం ఎత్తుకు దిగింది. నేను చూడబోయేసరికి తల్లి మంచం మీద, ఆర్కిటెక్టూ యోగేశ్వరీ కింద, ముగ్గురూ వెల్లకిలా ఉన్నారు. కాళ్లు ఇక రావు, డాక్టరు మాట మారలేదు. గంజి గిన్నె మాత్రం ఖాళీ అయింది.

కన్నమ్మ పైకప్పంతా తీరిగ్గా పరీక్షించి, మలేసియావాళ్లు మాట చివర తగిలించే 'లా'తో మెచ్చుకుంది.

"బాగుంది లా. ఆ మూల బల్లిని కూడా నువ్వే పెట్టినావేటి బాబూ?"

"పిలానులో లేదు పెద్దమ్మా," అన్నాడు తాతబాబు. "నచ్చి, అదే వచ్చినాది."