బతికుండగానే కర్మాంతరం

వేలు అనే మేస్త్రీ కూలీ తిరుపతి వెంకన్నకు ఇచ్చిన గుండ్లు చాలానే ఉన్నాయి. కేబుల్ టీవీకి ఇచ్చింది ఒక్కటే. సావాసగాడు జయరామ్‌ను పోగొట్టుకున్నది ఆ ఒక్కదానితోనే.

ఇద్దరూ వేలూరు దగ్గర గుడియాత్తంలో ఒకే వీధిలో పుట్టి, ఒకే మేస్త్రీ చేత తిట్లు తిని, స్లాబ్ వేసేచోట పక్కపక్కన నిలబడి కాంక్రీటు తట్టలు అందించుకున్నవాళ్లు. దేశం తలుపులు తెరిచిందని పేపర్లు రాస్తున్న రోజులవి. ఆ తలుపుల్లోంచి గుడియాత్తానికి కొత్త రకం కూల్‌డ్రింకులు వచ్చాయి, డిష్ యాంటెన్నాలు వచ్చాయి, వాటి వెనకే ర్యాప్ పాట వచ్చింది. అమెరికా కుర్రాళ్లు చేతులూపుతూ గడగడా మాట్లాడేస్తుంటే టీవీలో చూసి జయరామ్, "ఇదేందప్పా, మన మేస్త్రీ తిట్టేదీ ఇట్టనే గదా!" అన్నాడు. ఆ విధంగా ఈ ప్రాంతంలో ఒక మహత్తర కళకు శంకుస్థాపన జరిగింది.

జయరామ్ పాట ఎత్తుకుంటే వేలు అందుకునేవాడు.

"మిద్దె మీద మిద్దె లేపినోడెవుడు?"

"మేమప్పా మేము!"

"మిద్దెలో మంచమేసి పండినోడెవుడు?"

"వేరెవుడో, వేరెవుడో!"

సెల్వకుమార్ అనే మూడోవాడు ఖాళీ పెయింటు డబ్బా మీద దరువేసేవాడు. పెళ్లిళ్లలో పాడారు, జాతరల్లో పాడారు, ఆటో స్టాండు వార్షికోత్సవంలో పాడారు. నాట్రంపల్లి దాకా పేరు పాకింది. వేలు తనంతట తాను పాట ఎత్తుకోలేడు. జయరామ్ గొంతు వినబడితేనే అతని గొంతు లేచేది. జయరామ్ లేని రోజు ఒకటి ఉంటుందని అతనికి తోచలేదు గనక దాన్ని లోపమని కూడా అనుకోలేదు.

వేలూరులో కేబుల్ నడిపే సురేంద్రన్ వీళ్ల కథనే సీరియల్‌గా తీశాడు. ఎవరి వేషం వాళ్లే, ఎవరి పేరు వాళ్లదే. అన్నదమ్ముల్లాంటి ముగ్గురు కుర్రాళ్లు పైకి రావడం కొన్ని వారాలు బాగానే నడిచింది. తర్వాత ఆడవాళ్లు చూడటం మానేశారు. ముగ్గురిలో ఎవరో ఒకరు పోక తప్పదని సురేంద్రన్ తీర్పు చెప్పాడు.

"నేను సస్తాలే," అన్నాడు జయరామ్ ఉదారంగా. "ఎట్ట సస్తానన్నా?"

"జ్వరంతో."

"జ్వరమా? లారీ కింద వెయ్యన్నా. రోంత మర్యాదగా ఉంటాది."

కర్మాంతరం సీను తీసిన రోజు జయరామ్ కావేరిపాక్కంలో స్లాబ్ పనికి పోయి ఉన్నాడు. పాలారు ఇసుకలో కెమెరా పెట్టారు. సీను సహజంగా ఉండాలని సురేంద్రన్ కర్మలు చేయించే నిజం అయ్యవారినే పిలిపించాడు. ఆయన కూర్చుని, పోయినవాడి పేరూ గోత్రమూ చెప్పమన్నాడు.

"టీవీకి సామీ ఇది. ఏందో ఒకటి గొణిగేయండి," అన్నాడు సురేంద్రన్.

"దొంగ మంత్రాలు నాకు రావు నాయనా. వచ్చేవి అసలువే."

అందరూ వేలు వైపు చూశారు. కెమెరా కూడా చూసింది. వేలుకు సీను బాగా రావాలని ఉంది. జయరామ్ గోత్రం చెప్పాడు, వాళ్ల నాయన పేరు చెప్పాడు, తాత పేరు అడక్కుండానే చెప్పాడు. గుండు కొట్టించుకుని పిండం పెట్టి నీళ్లు వదిలాడు. ఏడుపు కూడా అసలుదే వచ్చింది. సురేంద్రన్ చప్పట్లు కొట్టాడు.

ఆ భాగం వేసిన సాయంత్రం జయరామ్ తల్లి సరసమ్మ పక్కింటి టీవీ ముందు కూర్చుని ఉంది. కొడుకు లారీ కింద పడితే నవ్వింది. గోత్రం వినబడగానే లేచి నిలబడింది.

పరిగెత్తుకుంటూ వచ్చిన వేలును గుమ్మంలోనే ఆపేసింది.

"నా బిడ్డ నీకేం తక్కువ చేసినాడురా? బతికుండేవోడికి పిండం పెడతావా?"

"నాటకం పెద్దమ్మా అది!"

"గోత్రం నాటకమా? ఆ అయ్యవారు నాటకమా? నీ గుండు నాటకమా?"

మూడో ప్రశ్నకు వేలు చెయ్యి దానంతట అదే తలమీదికి పోయింది.

దారి అయ్యవారే చెప్పాడు. కర్మాంతరం జరిగిపోయినవాడు మళ్లీ పుట్టాలి, ఊయల్లో పడుకోవాలి, కొత్త పేరు పెట్టించుకోవాలి. శాస్త్రానికి ఎదురు చెప్పేదెవరు? ఒక శుభముహూర్తాన మీసాలున్న ఆ శిశువును చీర ఊయల్లో వేశారు. కాళ్లు బయటే ఉండిపోయాయి. చెంగల్రాయుడని నామకరణం చేశారు. సెల్వకుమార్ నవ్వాపుకోలేక గోడ చాటుకు పోయాడు.

వేలు గుమ్మం అవతల గిలక్కాయ పట్టుకుని నిలబడ్డాడు. దాన్ని చూస్తే జయరామ్ నవ్వుతాడని, ఒక్కసారి నవ్వితే అంతా సర్దుకుంటుందని ఆశపడి కొన్నాడు.

"నాతో మాట్లాడమని చెప్పు పెద్దమ్మా."

సరసమ్మ ఈసారి అరవలేదు. "ఇప్పుడే పుట్టిన బిడ్డప్పా. వానికి సావాసగాళ్లు యాడుంటారు? నీ సావాసగాడికి నువ్వే నీళ్లు వదిలితివి. పో, ఇంక పో నాయనా."

"రేయ్," అన్నాడు వేలు, ఊయల వైపు చూసి. పాత పేరు పిలవకూడదు. కొత్త పేరుకు నోరు రాదు.

ఊయల్లోవాడు గిలక్కాయను చూశాడు. పెదవి కదిలింది కూడా. అంతలోనే ఆగింది.

"నన్నొక మాట అడగలేదు గదరా," అన్నాడు మెల్లగా.

"అడిగితే ఒప్పుకునేవోడివే గదరా!"

"ఒప్పుకునేవోణ్ణే," అని ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ముత్తైదువలు లాలిపాట ఎత్తుకున్నారు.

చెంగల్రాయుడు బెంగళూరులో అపార్టుమెంట్లు కట్టే పనికి పోయాడు. జట్టు చెదిరింది. సురేంద్రన్ వేరే సీరియల్ మొదలుపెట్టాడు. తల్లిని చూడటానికి వచ్చినప్పుడల్లా చెంగల్రాయుడు ఆ వీధిలో వేలుకు ఎదురవుతూనే ఉంటాడు. దాటిపోడు, కోపం చూపించడు. ఆగి, ఎవరో ఊరి పెద్దమనిషిని పలకరించినట్టు, "బాగుండారా అన్నా?" అంటాడు.

బాగుండానని వేలు చెబుతాడు.