గోధుమకి ఊడ్పులు

ఇప్పుడు చెబితే మా ఆఫీసులో ఎవరూ నమ్మరు గానీ, ఢిల్లీలో నేను చేసిన మొదటి ఉద్యోగం రైతు ఉద్యోగం. అంటే దున్ని పండించే రైతు కాదు, వారాంతాల్లో వచ్చే పట్నం జనానికి పొలం చూపించి, వాళ్ళ చేత నాలుగు పనులు చేయించి, సంతోషంగా పంపించే రైతు. ఆ రోజుల్లో మేం బేర్ సరాయ్‌లో ఉండేవాళ్ళం. చెయ్యి చాపితే ఎదురింటి కిటికీ అందేంత ఇరుకు సందు, అందులో ఒక గది, ఆ గదిలో నేనూ కరీంనగర్ అన్నా. అన్న అప్పటికే సివిల్స్‌కి తనకున్న అవకాశాలన్నీ రాసేసి, ఇక రాయడానికి వీల్లేక, రాసేవాళ్ళకి సలహాలిస్తూ కాలం గడుపుతున్నాడు. నాకు మాత్రం ఇంకా అవకాశాలున్నాయి. (బుద్ధి లేదు, అవకాశాలున్నాయి.)

ఆ ఏడు ప్రిలిమ్స్ ఫలితాల్లో నా నంబరు లేదు. రెండు నెలలు ఓపిక పట్టి మా నాన్న ఫోను చేశారు. ఆయన భీమవరంలో హైస్కూలు లెక్కల మాస్టారు. కోపం వచ్చినా గొంతు పెంచరు, మాకు అదే భయం. "సరేరా, అయిందేదో అయింది. ఈ నెలాఖర్లోగా నీ తిండి నువ్వు సంపాదించుకునే దారి చూసుకుంటే ఉండు. లేదంటే సామాను సర్దుకుని వచ్చెయ్యి, మీ మావయ్య కొట్లో కూర్చుందువుగాని" అన్నారు. మావయ్యది ఎరువుల కొట్టు. అందులో ఒకసారి కూర్చుంటే మళ్ళీ లేవడం ఉండదని నాకు బాగా తెలుసు. ఇంకొక్కసారి పరీక్ష రాయాలి, అందుకు ఢిల్లీలో ఉండాలి, ఉండాలంటే ఉద్యోగం కావాలి. నాలుగు రోజులు అన్నం సహించలేదు.

అయిదో రోజు అన్నే కబురు తెచ్చాడు. "గురుగ్రామ్ అవుతల సోహ్నా దిక్కు ఎవరో తాయీ అంటరా, పొలంల గదులు కట్టి గెస్టులను దింపుతున్నదట. పొలం పని ఎరికుండి ఇంగ్లీషు మాట్లాడేటోడు కావాల్నట. నువ్వు పో."

"అన్నా, నాకు పొలం పని రాదు."

"అరే, గోదావరోనివి, పొలం సంగతి నీకు జెప్పాల్నా?"

మాకు ఒక్క సెంటు భూమి లేదు. నేను ఎరిగిన వ్యవసాయమంతా కాలేజీకి వెళ్ళే బస్సు కిటికీలోంచి చూసిందే. కాకపోతే నా ఆప్షనల్ జాగ్రఫీ. గోధుమకి ఎలాంటి నేల కావాలో, ఎంత చలి కావాలో, ప్రపంచపటంలో ఎక్కడెక్కడ పండుతుందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. గోధుమ మొక్క ఎలా ఉంటుందని మాత్రం ఏ ప్రశ్నపత్రంలోనూ అడగలేదు.

తాయీ అంటే వాళ్ళ భాషలో పెద్దమ్మ. అరవైకి దగ్గర పడిన మనిషి, నెత్తిన ఓణీ, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పనిముట్టు. నన్ను కిందనుంచి పైదాకా చూసి "ఖేతీ జాణై సై?" అంది. వ్యవసాయం తెలుసా అని. "మాది గోదావరి జిల్లా తాయీ" అన్నాను. అబద్ధం ఆడలేదు చూశారా! ఆమె నా చేతులు తిప్పి చూసి, అరచేతులు మెత్తగా ఉన్నాయనుకుందో ఏమో, నవ్వి "ఠీక్ హై, మద్రాసీ, ఉండు" అంది. అంతే, నా పేరు అక్కడితో పోయింది.

మొదటి రెండు వారాలు హాయిగా గడిచిపోయాయి. గురుగ్రామ్ నుంచి కార్లలో జనం వచ్చేవారు, తెల్ల బూట్లతో, పొలానికి వేసుకోకూడని బట్టలన్నీ వేసుకుని. గేదె పాలు పితికించడం, పిడకలు చేయించడం, పొయ్యి మీద రొట్టెలు కాల్పించడం, అన్నీ తాయీయే చూసుకునేది. పక్కన నిలబడి ఆమె మాటల్ని ఇంగ్లీషులో చెప్పడం నా పని. మూడో ఆదివారం తాయీకి తమ్ముడింట్లో పెళ్ళి పడింది. "సాయంత్రానికి వచ్చేస్తా. పొద్దున వచ్చేవాళ్ళని చూసుకో. ఖేతీ తెలిసినవాడివే కదా" అని ట్రాక్టరెక్కి వెళ్ళిపోయింది. గేదె ఆమెకి తప్ప ఎవరికీ పాలివ్వదు. ట్రాక్టరు ఆమెతో పోయింది. పిడకలకి పేడంతా ముందురోజు గెస్టులే ఖర్చు చేసేశారు.

పొద్దున్నే పొగమంచులో పదిమంది దిగారు. వాళ్ళలో ఒక ఆంటీ, కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని, గంటసేపు నా వెంట తిరిగి, చివరికి ఆగిపోయింది. "భయ్యా, సొంత చేతులతో పని చేయిస్తామని రాశారు. ఇంతవరకూ గోరుకి మట్టి అంటలేదు. వెళ్ళగానే ఇదంతా రివ్యూలో రాస్తాను" అంది. నా కళ్ళ ముందు మావయ్య కొట్టు, అందులో యూరియా బస్తాలు కనపడ్డాయి. అప్పుడు, బోరింగు వెనకాల, నా కంట పడింది ఆ చిన్న మడి.

ఏం మడండీ! జానెడెత్తున ఒత్తుగా, పచ్చగా, ముందురోజే నీళ్ళు పెట్టిన తడితో, అచ్చం మా వైపు దాళ్వా నారుమడే. నెల చూస్తే డిసెంబరు. మా ఊళ్ళో రెండో పంటకి నారు పోసే నెల. పక్కనే కూరగాయలకని దున్ని నీళ్ళు పెట్టిన ఖాళీ మడి. ఇంకేం కావాలి? బస్సు కిటికీలోంచి కాలేజీ రోజులంతా చూసిన దృశ్యమంతా ఒక్కసారి కళ్ళ ముందు నిలిచింది. "లేడీస్ అండ్ జెంటిల్‌మెన్" అన్నాను, "ఇవాళ మనం ఊడ్పులు ఊడుస్తున్నాం."

ఆ రెండు గంటలూ నేను మనిషిని కాను. ప్యాంట్లు మోకాళ్ళ పైకి మడతపెట్టించాను. నారు ఎలా పీకాలో, వేళ్ళు నీళ్ళలో ఎలా జాడించాలో, కట్టలు కట్టి మడిలోకి ఎలా విసరాలో చూపించాను. (విసిరిన మొదటి కట్ట ఒక బ్యాంకు అంకుల్ ముఖానికి తగిలింది. ఆయన కూడా నవ్వాడు.) ఖాళీ మడిని కాళ్ళతోనే తొక్కించి బురద చేయించాను. వరసగా నిలబెట్టి, నడుం వంచి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ నాటమన్నాను. పాటలేవైనా పాడితే పని తెలియదంటే, వాళ్ళకి వచ్చిన పెళ్ళి పాటలే పాడారు. కళ్ళజోడు ఆంటీ మోచేతుల దాకా బురదతో "భయ్యా, ఇదీ అనుభవం అంటే!" అంది. వ్యవసాయం నా రక్తంలోనే ఉందని, అనవసరంగా సివిల్స్‌కి చదువుతున్నానని కూడా ఒక క్షణం అనిపించింది. భోజనాల వేళయింది కాబట్టి గట్టు పక్కన రెండు బారల నారు మిగిలింది, లేకపోతే అదీ ఉండేది కాదు.

తాయీ అనుకున్నదానికన్నా ముందే వచ్చేసింది. ట్రాక్టరు దిగి, పెళ్ళికి వేసుకున్న బట్టలతోనే నడిచి వచ్చి, ఖాళీ అయిన మడిని చూసింది. తర్వాత నిండిన మడిని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"రై మద్రాసీ, యో కే కర్ దియా?" అంది. ఇదేం చేశావురా అని.

"వరి నాటాం తాయీ" అన్నాను గర్వంగా.

"ఈ చలిలో వరి ఎవడు నాటుతాడ్రా?"

"మా ఊళ్ళో నాటుతారు తాయీ."

"ఇది వరి కాదురా! గేహూ! గోధుమ! గోధుమని విత్తినచోటే పెంచుతారు, ఎవడైనా పీకి నాటుతాడా?" అని అరిచింది. ఆ అరుపుకి గెస్టులంతా చేతులు తుడుచుకుని చుట్టూ చేరారు. ఇది కూడా కార్యక్రమంలో భాగమే అనుకున్నారు వాళ్ళు. ఆంటీ ఫోనులో వీడియో తీస్తూ "సో ఆథెంటిక్!" అంది. చివర్లో చప్పట్లు కూడా కొట్టారు. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

కార్లు వెళ్ళిపోయాక తాయీ గట్టు మీద కూలబడింది. అప్పుడు అరవలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. "మిగతా పొలమంతా బజారు విత్తనమే" అంది నెమ్మదిగా. "ఈ మడి ఒక్కటి మా అత్త ఇచ్చిన గింజ. ఇప్పుడు ఊళ్ళో ఎవరిదగ్గరా లేదు. ఏటా ఇంత చల్లుకుని, మళ్ళీ ఏటికి గింజ దాచుకుంటా. ఈసారి డబ్బాలో ఒక్క గింజ కూడా మిగల్చకుండా అంతా చల్లేశా." ఓణీ చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

రివ్యూకి భయపడి, ఒక మనిషి అత్తగారి కాలం నుంచి కాపాడుకుంటూ వచ్చినదాన్ని పదిమంది చేత పీకించాను. "నాకు వ్యవసాయం రాదు తాయీ. మాకు పొలమే లేదు" అని అప్పుడు చెప్పాను, ఏడుస్తూ. పొలంలో నాకిచ్చిన గదిలోకి వెళ్ళి సంచీ సర్దుకున్నాను. గుమ్మం దగ్గర తాయీ అడ్డంగా నిలబడి ఉంది.

"ఎక్కడికి?"

"మా ఊరికి."

"నాటినవాడు కోత కోయకుండా పోతాడా? ఏ ఊళ్ళో ఉంది ఆ రివాజు? సంచీ లోపల పెట్టు" అంది.

అలా నాలుగు నెలలు నాకు శిక్ష పడింది. ఉద్యోగం ఉందో ఊడిందో అడిగే ధైర్యం లేదు. ఇంటికి ఫోను చేసి మాత్రం "పొలం బాధ్యతంతా నామీదే పెట్టారు నాన్నా" అని చెప్పాను. (ఇదీ అబద్ధం కాదు.) ఆ మడికి నీళ్ళు పెట్టాను, కలుపు తీశాను, పంట మేసే నీల్‌గాయ్ జింకలు రాకుండా గట్టు మీద కూర్చుని, జాగ్రఫీ నోట్సు చదువుతూ డబ్బా వాయించాను. సగం మొక్కలు పసుపెక్కి చచ్చిపోయాయి. ఒక్కోటి పడిపోయినప్పుడల్లా తాయీకి చెప్పడానికి నోరు వచ్చేది కాదు. మిగిలినవి మాత్రం, ఎడంగా ఉన్నందుకో ఏమో, ఒక్కో దుబ్బు గుప్పిట్లో పట్టనన్ని పిలకలు వేసింది. మార్చిలో కంకులు వంగాయి. ఏప్రిల్లో కొడవలి నా చేతికిచ్చి తాయీ కోయించింది. గింజ తూర్పారబట్టి డబ్బాలో పోస్తే మూత పడలేదు. తాయీ ఆ మూత పట్టుకుని చాలాసేపు నవ్వింది. డబ్బాలో పట్టని నాలుగు గుప్పెళ్ళు తిరగట్లో విసిరి, నాకు నాలుగు రొట్టెలు చేసి, నెయ్యి వేసి పెట్టింది. అలాంటి రొట్టె నేను మళ్ళీ తినలేదు.

ఆ ఏడూ పరీక్ష పోయింది లెండి. తర్వాత వేరే పరీక్ష రాసి కేంద్ర ప్రభుత్వంలో చిన్న ఉద్యోగంలో కుదురుకున్నాను. ఢిల్లీవాణ్ణే అయిపోయాను, తాయీని చూడ్డానికి మాత్రం వెళ్ళలేదు. వెళ్ళాలని ప్రతి చలికాలం అనుకునేవాణ్ణి. మొన్న డిసెంబరులో మా అమ్మాయి స్కూల్లో ఎవరో చెప్పారని పట్టుబడితే, మా ఆవిడతో కలిసి ముగ్గురం సోహ్నా వైపు వెళ్ళాం. అదే పొలం. బోరింగు వెనక అదే మడి. తాయీ మనవరాలట, చలాకీగా ఉన్న పిల్ల, గెస్టులందరినీ వరసగా నిలబెట్టి చెబుతోంది: "ఇది మా ఊరి పురాతన పద్ధతి. మా ముత్తాతల కాలం నుంచీ గోధుమని ఇలాగే నారు తీసి నాటుతున్నాం. ఇంకెక్కడా కనపడదు."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ప్యాంటు మడుచుకుని మడిలోకి దిగాను. రెండు వరసలు నాటేసరికి ఆ పిల్ల వచ్చి "అంకుల్, మీరు తప్పుగా పట్టుకున్నారు, మా సంప్రదాయంలో ఇలా పట్టుకోవాలి" అని నా చెయ్యి సరిచేసింది. గట్టు మీద నులకమంచం నుంచి దగ్గు వినపడింది. తలెత్తి చూస్తే తాయీ, బాగా ముసలిదైపోయి, దుప్పటి కప్పుకుని, నావైపే చూస్తోంది.

"నాటనీలే వాణ్ణి" అంది మనవరాలితో. తర్వాత నాతో, "రై మద్రాసీ, కోతకి కూడా రావాలి" అంది.

నేను తలూపాను. మా అమ్మాయి బురద చేతులతో నన్ను వింతగా చూసి, "పాపా, ఆప్‌కో యే సబ్ కైసే ఆతా హై?" అని అడిగింది. ఇవన్నీ నీకెలా వచ్చు నాన్నా అని.

"మనం గోదావరి వాళ్ళమమ్మా" అన్నాను. "పొలం సంగతి మనకి ఒకరు చెప్పాలా?"