గాలికి ఎదురు పరుగు

తొంభైలలో నేను బొల్లారంలోని ఒక మందుల కంపెనీలో బాయిలర్ ఆపరేటర్‌ని. అప్పుడు కొన్న పాత కారు ఆయిల్ తెగ తాగేది. "రింగులు అరిగినయ్ సార్, ఇంజన్ దించాలె" అన్నాడు మెకానిక్. నేను వింటేగా! పిస్టన్ రింగులు మసిపట్టి బిగుసుకుపోయాయంతే అని నాకు నేనే తేల్చుకుని, ప్లగ్గులు విప్పి, ఇంజన్ లోపల కిరోసిన్ పోసి ఒక రాత్రంతా నాననిచ్చాను.

ఆదివారం పొద్దున ప్లగ్గులు బిగించి, గేటు దగ్గర కారు స్టార్ట్ చేశాను. కాసేపు అలాగే నడవనిద్దామని వదిలేసి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను. సబ్బు నురగ పోకముందే వీధిలో కేకలు. "గ్యాస్ లీకైంది! ఉరకుండ్రి!"

చూస్తే ఇంటి మీదుగా తెల్లటి పొగ! బొల్లారంలో పొగ కనిపిస్తే ఎవరైనా కంపెనీలదే అనుకుంటారు. నేనూ అనుకున్నాను. సేఫ్టీ క్లాసులన్నీ గుర్తొచ్చాయి. తడి తువ్వాలు ముక్కుకు కట్టుకుని, మా ఆవిడ చెయ్యి పట్టుకుని పెరటి దారిన బయటపడి, "గాలికి ఎదురుంగ ఉరకుండ్రి!" అని అరుస్తూ వీధి మొత్తాన్నీ మెయిన్ రోడ్డు దాకా పరుగెత్తించాను. అందరూ నన్ను దేవుణ్ణి చూసినట్టు చూశారు.

పక్కింటి అంజమ్మ మాత్రం రొప్పుతూ, "గేటు కాడ నీ కారు చాలూనే ఉండె గద బిడ్డా! అండ్ల తోల్కపోతే అయిపోతుండె. నన్నెందుకు ఉరికిచ్చినవ్?" అంది.

మా ఆవిడ మెల్లగా నా వైపు తిరిగింది. రాత్రంతా నానిన కిరోసినే ఇంజన్‌లో కాలి పొగయిందని నాకప్పుడు తట్టింది. ముక్కు మీది తువ్వాలు తీయడానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఆ కారు ఎప్పుడో అమ్మేశాను. అయినా ఇప్పటికీ గాలి ఘాటెక్కితే మా వీధివాళ్లు ముందు మా గేటు వైపే చూస్తారు. కంపెనీలవాళ్లకు అంతకంటే ఏం కావాలి!