బోర్డు మీద యుద్ధమని రాసినాయన

మా వియ్యంకుడు సోమవారం ఉదయం ఇక్కడ గల్ఫ్‌లో, ఫుజైరా ఆసుపత్రిలో పోయారు. గుండె ఆగిందన్నారు. కబురు తెచ్చింది మా అల్లుడు, ఆయన కొడుకు. గుమ్మంలో నిలబడి, "అత్తయ్యగారూ, నాన్న లేరు" అని మాత్రం అన్నాడు. మధ్యాహ్నం కంపెనీ ముదీర్, అదే మేనేజరు, పళ్ళబుట్ట పంపాడు. తెచ్చిన డ్రైవరుకు మంచినీళ్ళిచ్చి, బుట్ట వెనక్కి పంపేశాను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన కాకినాడ దగ్గర హైస్కూల్లో సివిక్స్ చెప్పి రిటైరయ్యారు. తర్వాత ఇక్కడికొచ్చి కొడుకు పనిచేసే కంపెనీలోనే గుమాస్తాగా చేరారు. రేవు బయట లంగరేసిన ఓడలకు ఆయిలూ నీళ్ళూ మోసే పడవల కంపెనీ అది. మా అల్లుడు ఒక పడవకు సరంగు, అంటే నడిపేవాడు. ముదీర్ బొంబాయి మనిషి, అక్కడ అతని మాటే చట్టం.

వియ్యంకుడితో నాకు పడేది కాదు. టీ సాసర్లో పోసుకుని జుర్రుతూ తాగేవారు. మెట్లమీద కూర్చుని ట్రాన్సిస్టర్ బిల్డింగంతటికీ వినిపించేవారు. దేనికైనా ఆయనది ఒకటే ప్రశ్న: "ఎవరినడిగి?" మనవరాలి జుట్టు కత్తిరిస్తే ఎవరినడిగి. పులుసులో బెల్లం వేస్తే ఎవరినడిగి.

"బెల్లానికి కూడా అసెంబ్లీ పెట్టమంటారా అన్నయ్యగారూ?" అన్నాను ఒకసారి.

"పెడితే తప్పేముంది చెల్లెమ్మా. తినేది మేం కదా."

ఈ వేసవిలో, పక్కదేశాల యుద్ధం మధ్య తిరిగే ఆయిల్ ట్యాంకర్లకు కాపలా అంటూ అమెరికా యుద్ధనౌకలు గల్ఫ్‌లోకి వచ్చాయి. ఆయన ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పిన పాఠం నాకూ చెప్పారు. వియత్నాంలో చేతులు కాలాక అమెరికా చట్టసభ ఒక చట్టం చేసుకుందట. అధ్యక్షుడు సైన్యాన్ని పోరులోకి పంపితే రెండు రోజుల్లో సభకు రాసివ్వాలి. సభ ఒప్పుకోకపోతే అరవై రోజుల్లో పోరు ఆపాలి. "రాజు కాలికి తాడు కట్టారు చూడమ్మా" అని మురిసిపోయేవారు.

తర్వాత మా సముద్రంలోనే మైన్లు, ఓడ తగిలితే పేలే బాంబులు, తేలాయి. ముదీర్ మాత్రం పడవలు ఆపలేదు. "అరగంట పని, యల్లా, పదండి" అనేవాడు. పాస్‌పోర్టులు కంపెనీ బీరువాలో ఉంటే కాదనేదెవరు? వియ్యంకుడు ముదీర్‌తో మాట్లాడి ఒక కట్టుబాటు ఒప్పించుకొచ్చారు. ఏ పడవ ఎక్కడికో పొద్దున్నే రాసే బోర్డు ఒకటి జెట్టీ దగ్గర ఉంటుంది. పని ప్రమాదమైనదైతే ముదీర్ ఆ సంగతి దానిమీద రాయాలి. రాసిన వారం తర్వాత, ఇష్టం లేనివాణ్ణి పంపకూడదు.

"అంతా బాగానే ఉంది. రాసేదెవరు?" అన్నాను.

"ముదీరే. మాటిచ్చాడు."

"దొంగనే కాపలా పెట్టొచ్చారా?"

ఆయనకు కోపమొచ్చి, టీ తాగకుండానే వెళ్ళిపోయారు.

ముదీర్ రాయలేదు. రోజూ బోర్డు మీద 'మామూలు పని' అనే ఉండేది. ఒకరోజు అల్లుడి పడవకు దగ్గరలో ఒక ఓడ కింద మైను పేలింది. పడవ అద్దాలు పగిలాయి. అల్లుడు చెవులు మూసుకుని ఇంటికొచ్చాడు. మా అమ్మాయి ఏమడిగినా వినిపించక దాని మొహంకేసి చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు బోర్డు మీద మళ్ళీ మామూలు పనే.

ఆ సాయంత్రం వియ్యంకుడు ట్రాన్సిస్టర్ లేకుండా వచ్చారు.

"చెల్లెమ్మా, గడియారం నేనే చేసి, కీ వాడి జేబులో పెట్టాను. అక్కడి సభా అదే చేసింది. అధ్యక్షుడు ఇది పోరే కాదంటాడు, కాపలా అంటాడు. పోరని రాసివ్వడు. అరవై రోజులు మొదలయ్యాయా లేదా అని సభవాళ్ళు తగువులాడుకుంటున్నారు."

స్మృతి రాస్తున్నానని నా కోపం తగ్గించుకోను. మైన్లు వేసినవాళ్ళను క్షమించను. యుద్ధాన్ని యుద్ధమని ఒప్పుకోని అధ్యక్షుణ్ణీ క్షమించను. అతను ఎన్నడూ చూడని ఈ నీళ్ళమీద, అతనికి ఎప్పటికీ ఓటెయ్యలేని మా పిల్లలు తిరుగుతారు. అందరికన్నా కోపం ఆ సభమీద. పగ్గం చేతిలో పెట్టుకుని, అది గుర్రమా కాదా అని వాదించుకునేవాళ్ళను ఏమనాలి?

మర్నాడు తెల్లవారకముందే వియ్యంకుడు సుద్దముక్క తీసుకుని బోర్డు మీద 'యుద్ధం' అని హిందీలో, ఇంగ్లీషులో, తెలుగులో రాశారు. తర్వాత జరిగింది అల్లుడు చెప్పాడు.

"మాస్టర్జీ, ఇది ఎవరు రాయమన్నారు?" అన్నాడట ముదీర్.

"మీరు రాయలేదుగా సాబ్. అందుకని నేను రాశాను. ఇవాళ్టినుంచి వారం."

ముదీర్ చేత్తో చెరిపేశాడు. ఈయన మళ్ళీ రాశారు. వారమంతా అతను చెరపడం, ఈయన రాయడం. వారం నిండిన పొద్దున సరంగులు ఒక్కొక్కరే వచ్చి "నై సాబ్" అన్నారు. మొదట అన్నది మా అల్లుడు. అంతమంది సరంగులను ఒకేసారి తీసేస్తే పడవలు నడిపేదెవరు? గుమాస్తాను తీసెయ్యడం మాత్రం తేలిక. "ఖలాస్ మాస్టర్జీ. టికెట్ తీసుకో" అన్నాడు.

ఆయన ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, "నన్నొక్కణ్ణే పీకగలిగాడు, చూశావా చెల్లెమ్మా" అని నవ్వారు. నేను టీ పెట్టి, సాసర్లో పోసి ఇచ్చాను. మైన్లు ఏరే ఓడలు వచ్చి వెళ్ళేదాకా పడవలు, రేవుకు అలలు తగలకుండా కట్టిన అలలగోడ దాటలేదు. వీసా గడువులోపు వెళ్ళాలని ఆయన పెట్టె సర్దుకున్నారు. ఈలోగానే పోయారు.

దుబాయ్ శ్మశానంలో దహనం చేశాం. అస్థికల్లో కొన్ని గోదావరిలో కలపడానికి దాచి, మిగిలినవి ఇక్కడే కలుపుతానన్నాడు అల్లుడు. నేనూ జెట్టీకి వెళ్ళాను. ఇంజను వేసేముందు అతను పడవవాళ్ళలో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అడిగాడు. "అలలగోడ అవతలికి పోతున్నాం. వస్తావా?" అందరూ వస్తామన్నారు. వంటవాడు, నల్గొండ మనిషి, తలదించుకుని, "నేను రానన్నా. ఆ చప్పుడు ఇంకా చెవిల్నే ఉంది" అన్నాడు.

"సరే, దిగు" అన్నాడు అల్లుడు, చెయ్యి అందించి.

పడవ గోడ దాటింది. అవతల బూడిదరంగు యుద్ధనౌక ఒకటి కదలకుండా ఉంది. దాని పక్కనుంచి మా పడవ చిన్నదవుతూ వెళ్ళింది. కుండ ఒడిలో పెట్టుకున్న అల్లుడి తెల్లచొక్కా ఒక్కటే చాలాసేపు కనిపించింది. వంటవాడు నా పక్కనే నిలబడి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని అటే చూస్తున్నాడు.